పాత ల్యాప్‌టాప్ లేవట్లేదా? ఎస్పీ రోడ్డుకి బయల్దేరే ముందు

మారతహళ్ళి పీజీలో ఉండే మా పిన్ని కొడుకు ఒక శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నది. పదేళ్ళ బండి.

"అన్నా, నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. పీజీ దగ్గర షాపాయనకి చూపిస్తే లోపలి మెయిన్ బోర్డు పోయింది, దీని మీద డబ్బులు పెట్టొద్దు, కొత్తది తీసుకో అన్నాడు. ఏం చేద్దాం?"

"ముందు చార్జర్ తియ్యి" అన్నాను. సంచి అంతా వెతికాడు. లేదు. నా దగ్గర అదే కంపెనీ చార్జర్ ఉండబట్టి సరిపోయింది.

బెంగళూరులో ఉండే మన వాళ్ళలో చాలామందికి ఈ పరిస్థితి ఎప్పుడో ఒకసారి వస్తుంది. అప్పుడు కళ్ళ ముందు నాలుగు దారులు కనిపిస్తాయి: మనమే విప్పి చూసుకోవడం, కంప్యూటర్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకో వీధి చివర షాపుకో తీసుకెళ్ళడం, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వడం, దీన్ని పక్కన పెట్టి ఇంకోటి కొనడం. వీటిలో ఏది మంచిదని నన్ను అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. అది సరిగ్గా ఎక్కడి దాకా వచ్చి ఆగిపోతోంది? లోపలున్న ఫైళ్ళు ఇంకెక్కడైనా ఉన్నాయా? ఈ రెండూ తెలియకుండా ఏ దారి పట్టినా జేబుకి చిల్లే.

అసలు లైటే వెలగకపోతే

ఇది చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ చాలాసార్లు తక్కువలో తేలేది ఇదే. ముందు చార్జర్‌ని అనుమానించండి. స్నేహితుడి చార్జర్ పెట్టి చూసేటప్పుడు మూడు సంగతులు కలవాలి: పిన్ను, వోల్టేజీ (చాలా వాటికి 19 లేదా 19.5 ఉంటుంది), ఆంపియర్లు. ఆంపియర్లు మన చార్జర్ మీద రాసినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. డెల్ లాంటి వాటిలో చార్జర్ పిన్ను మధ్యలో సన్నటి సూది ఉంటుంది. చార్జర్ ఏ రకమో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది విరిగినా వంగినా చార్జింగ్ ఎక్కదు, పాపం బ్యాటరీ మీద నింద పడుతుంది.

తర్వాత చార్జర్ తీసేసి, బ్యాటరీ బయటికి వచ్చే మోడలైతే అదీ తీసేసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. లేచిందంటే బ్యాటరీదే తప్పు. ఇంత చిన్న పనికి ల్యాప్‌టాప్ లేస్తుందా అంటే, లేచినవి నేను చూశాను.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం ఈ ప్రయోగాలన్నీ ఆపండి. దాన్ని నొక్కడం, పొడవడం, మళ్ళీ చార్జింగ్ పెట్టడం వద్దు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. మార్చే వాళ్ళకి అప్పగించేయండి.

ఇవన్నీ చూశాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే, మిగిలేది చార్జర్ గుచ్చే జాక్ లేదా బోర్డు. కొన్ని మోడళ్ళలో జాక్ విడిగా వైరుతో వస్తుంది, మార్చడం తేలిక. కొన్నిట్లో బోర్డుకే అతికి ఉంటుంది, అప్పుడు సోల్డరింగ్ తెలిసిన మనిషి కావాలి.

లైటు ఉంది, ఫ్యాన్ ఉంది, బొమ్మ లేదు

మా తమ్ముడి కేసు ఇదే. షాపుల్లో "బోర్డు పోయింది" అనే మాట ఎక్కువగా వినిపించేదీ ఇక్కడే, ఎందుకంటే విప్పి చూసే ఓపిక లేనప్పుడు అనడానికి అది సులువైన మాట.

మొదట క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల మిషన్ బతికే ఉంది, తెరకే జబ్బు. గదిలో లైట్లు ఆర్పి ఫోన్ టార్చ్ స్క్రీన్ మీదికి ఏటవాలుగా కొట్టి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయినట్టు. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే ఇంకా స్పష్టంగా తేలిపోతుంది. టీవీలో బొమ్మ వస్తే తెర గానీ దానికి వెళ్ళే కేబుల్ గానీ పోయింది, బోర్డు బాగానే ఉంది. తెర మార్చే ఖర్చు వద్దనుకుంటే పాత మానిటర్ ఒకటి తగిలించి ఇంట్లో డెస్క్‌టాప్‌లా వాడుకోవచ్చు. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి ఇలా వాడుకుంటున్న ఇళ్ళున్నాయి.

క్యాప్స్ లాక్ లైటు దానంతట అదే లెక్కపెట్టి మెరుస్తుంటే, లేదా బీప్‌లు వస్తుంటే సంతోషించండి. ఫలానా చోట నొప్పి అని మిషనే చెబుతోంది. ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యనీ మోడల్ పేరునీ కలిపి కంపెనీ సైట్‌లో వెతికితే అర్థం దొరుకుతుంది. వీడియో తీసిపెట్టుకుంటే షాపులో చూపించడానికీ పనికొస్తుంది.

ఇక ర్యామ్, అంటే మిషన్ పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ. పాత ల్యాప్‌టాప్‌లలో నల్ల తెరకి నేను మొదట అనుమానించేది దీన్నే. వెనక మూత తీసి (బ్యాటరీ తీసేశాకే సుమా), ర్యామ్ స్టిక్‌కి రెండు వైపులా ఉన్న క్లిప్పులు పక్కకి జరిపితే అది పైకి లేస్తుంది. బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్ళీ గట్టిగా కూర్చునేలా పెట్టాలి. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కటే, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడాలి. రెండు స్టిక్‌లు, రెండు స్లాట్‌లు, మొత్తం నాలుగు ప్రయత్నాలు. ఓపికగా చేస్తే అరగంట. మా వాడిది మూడో ప్రయత్నంలో కంపెనీ బొమ్మతో లేచింది. ఒక స్లాట్ చచ్చిపోయింది, స్టిక్‌లు రెండూ బానే ఉన్నాయి. బోర్డులో లోపం ఉన్న మాట నిజమే, కానీ కొత్తది కొనేంత లోపం కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారు.

కొత్త ర్యామ్ కొనాల్సి వస్తే పాతదాన్ని చేతిలో పట్టుకునే షాపుకి వెళ్ళండి. డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్‌లోనే రెండు రకాలున్నాయి: 1.5 వోల్టులది, 1.35 వోల్టులది. రెండో దాని స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. అదే కావాల్సిన ల్యాప్‌టాప్‌లో మొదటి రకం పెడితే మళ్ళీ నల్ల తెరే. డీడీఆర్4 స్లాట్ వేరు, అసలు పట్టనే పట్టదు.

కంపెనీ బొమ్మ వస్తుంది, విండోస్ రాదు

ఇక్కడి దాకా వచ్చిందంటే బోర్డు, తెర, ర్యామ్ దాదాపు క్షేమం. ఇక డిస్క్ సంగతి, అందులోని విండోస్ సంగతి చూడాలి. "నో బూటబుల్ డివైస్" అనో, "ఆటోమేటిక్ రిపేర్" అంటూ తిరిగిన చోటే తిరుగుతూనో కనిపిస్తుంది.

బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి (ఆన్ చేయగానే నొక్కాల్సింది డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10) రెండు చూడండి. మొదటిది తేదీ. అది ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయింది. చాలా మోడళ్ళలో అది సీఆర్2032, మూడు వోల్టులది, ఖరీదు వంద లోపే. కొన్నిట్లో వైరు అతికించి ఉన్నది పెడతారు, షాపులో ఆ మాట చెప్పి అడగాలి. అది చచ్చిపోతే తేదీ ఒక్కటే పోదు. బయాస్ సెట్టింగులు మొదటికొచ్చి, లెగసీ, యూఈఎఫ్ఐ అనే బూట్ పద్ధతి మారిపోతుంది, మంచి డిస్క్ కూడా కనిపించనట్టు నాటకం మొదలవుతుంది. ఇది తెలియక విండోస్ ఫార్మాట్ కొట్టించుకుని ఫోటోలు పోగొట్టుకున్న వాళ్ళున్నారు.

రెండోది, డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందా లేదా. కనిపిస్తే విండోస్ ఫైళ్ళు చెడి ఉండొచ్చు. కనిపించకపోతే డిస్క్ గానీ దాని కేబుల్ గానీ పోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే టక్ టక్ మని ఒకే లయలో చప్పుడొస్తుంటే పాత హార్డ్ డిస్క్ ఆఖరి దశలో ఉన్నట్టే.

సందేహం పూర్తిగా తీరాలంటే పెన్‌డ్రైవ్ పరీక్ష చేయండి. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) దించుకుని, రూఫస్ లాంటి ఉచిత టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, మన దాంట్లో గుచ్చి, బూట్ మెనూలోంచి (డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9) దాన్ని ఎంచుకోవాలి. అది డిస్క్‌ని ముట్టుకోకుండానే నడుస్తుంది. గంట సేపు యూట్యూబ్ చూసినా ఆగకుండా నడిచిందంటే డిస్క్ తప్ప మిగతా ఒళ్ళంతా ఆరోగ్యమే. ఏ షాపులోనూ "బోర్డు" మాట ఇక మీ దగ్గర చెల్లదు. పైగా డిస్క్ ఇంకా కొంచెం బతికుంటే అక్కడి నుంచే ఫైళ్ళు బయటి డ్రైవ్‌కి కాపీ చేసుకోవచ్చు.

ఫైళ్ళు వేరు, మిషన్ వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకే ముడి వేసి, "లోపల నాన్న ఫోటోలున్నాయి" అని పాడైన మిషన్‌కి వేలు పోస్తారు. 2.5 అంగుళాల డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ అవసరం లేదు. రెండు స్క్రూలు తీసి డిస్క్ బయటికి లాగి, సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే వైరు ఒకటి కొని వేరే కంప్యూటర్‌కి కలిపితే పెన్‌డ్రైవ్ లాగే తెరుచుకుంటుంది. అప్పుడు "ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడిగితే పొరపాటున కూడా ఔననొద్దు. టక్ టక్ మనే డిస్క్ మీద చెక్‌డిస్క్ లాంటి డిస్క్ సరిచేసే టూల్స్ నడపొద్దు. ముందు ముఖ్యమైనవి కాపీ చేయండి, సినిమాలు తర్వాత. అస్సలు తిరగని డిస్క్‌ని మాత్రం మామూలు షాపులో మూత తెరవనివ్వొద్దు. దుమ్ము లేని గదిలో చేయాల్సిన పని అది. దానికి విడిగా డేటా రికవరీ వాళ్ళుంటారు, ఖర్చూ గట్టిగానే ఉంటుంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే వేరే కంప్యూటర్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆఫీసు ఐటీ వాళ్ళని అడగండి. రెండోది, కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. తీయడానికి డిస్క్ అంటూ ఉండదు. అలాంటప్పుడు మాత్రమే, ఫైళ్ళ కోసమైనా బోర్డు బాగుచేయించడం తప్పదు.

ఎవరి దగ్గరికి?

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి నేను వారంటీ ఉన్నవాటిని, మూడు నాలుగేళ్ళ లోపు వాటిని మాత్రమే పంపుతాను. అక్కడ బోర్డులో ఏ భాగం పోయిందో వెతికి మార్చడం తక్కువ, మొత్తం బోర్డు మార్చడమే ఎక్కువ. పదేళ్ళ మోడల్‌కి ఆ బోర్డు దొరకడమే కష్టం, దొరికినా ఆ ధరలో వేరే ల్యాప్‌టాప్ వస్తుంది. ఫైళ్ళకి పూచీ లేదని కాగితం మీద సంతకం తీసుకుంటారు, అది చదవండి.

చార్జర్, ర్యామ్, బ్యాటరీ, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్), తెర, కీబోర్డు. ఏం కావాలో మనకే తెలిసిపోతే ఎస్పీ రోడ్డుని మించింది లేదు. సదర్ పత్రప్ప రోడ్డు అని బోర్డుల మీద ఉంటుంది, ఆటోవాళ్ళకి ఎస్పీ రోడ్డే తెలుసు. గ్రీన్ లైన్ మెట్రోలో చిక్‌పేట దగ్గరో కేఆర్ మార్కెట్ దగ్గరో దిగి నడవొచ్చు. సొంత బండి మీద వెళ్తే పార్కింగ్ దొరికేలోపు ఉత్సాహం నీరుకారిపోతుంది. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. భాషకి ఇబ్బందేం లేదు, కన్నడ రాకపోయినా హిందీతోనో, కొన్నిచోట్ల తెలుగుతోనో పని జరిగిపోతుంది. వస్తువు మీద ఎన్నాళ్ళ వారంటీయో అడిగి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే చార్జర్ వైరు వరకైతే సరే. ఎస్ఎస్‌డీకి ఆ బేరం వద్దు, వారంటీ అంతా ఆ కాగితంలోనే ఉంటుంది.

బోర్డే పోయిందని తేలితే చిప్ లెవెల్ సర్వీసు చేసే వాళ్ళు కావాలి. ఇందులో మంచి చేతులున్నవాళ్ళు నిజంగా ఉన్నారు. మైక్రోస్కోప్ కింద పెట్టి, ఏ లైనులో షార్ట్ ఉందో పట్టుకుని, బియ్యపు గింజంత భాగం మార్చి లేపేస్తారు. మంచివాడా కాదా అని తేల్చుకోవడానికి నేను అడిగేవి ఇవి: ఏ భాగం పోయిందో చెబుతావా? బాగవకపోతే ఎంత తీసుకుంటావు? మళ్ళీ పోతే ఎన్ని రోజుల దాకా చూస్తావు? చూడకముందే ధర చెప్పేవాడు, "చిప్ వేడి చేస్తే లేస్తుంది" అనేవాడు నాకొద్దు. గ్రాఫిక్స్ చిప్‌ని వేడి గాలితో కాల్చి లేపితే కొన్ని వారాలో నెలలో నడిచి మళ్ళీ పడుకుంటుంది, పక్కనున్న భాగాలకీ దెబ్బ. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. ఫైళ్ళు లాక్కోవడానికి ఒక్క రోజు చాలనుకుంటే తప్ప దానికి డబ్బు పెట్టను. ఇచ్చే ముందు డిస్క్, ర్యామ్ తీసి ఇంట్లో పెట్టుకోండి. కుదరకపోతే సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోటో తీసుకోండి.

ఎంతవరకు పెట్టొచ్చు?

నా లెక్క ఒకటుంది: అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకి దొరుకుతుందో చూసి, అందులో మూడో వంతు దాటితే రిపేరు మానేస్తాను. నాణెం బ్యాటరీ, చార్జర్, జాక్ ఈ గీత లోపలే పడతాయి. బోర్డు మార్పు ఎప్పుడూ పడదు. తెర ఖర్చు ఆ గీతకి అటూ ఇటూ ఊగుతుంది.

హార్డ్ డిస్క్ పోయిన పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయడం ఒక్కదానికే ఈ గీతని కొంచెం జరుపుతాను. పాత డిస్క్ సెకనుకి వంద ఎంబీ చదివితే గొప్ప, సాటా ఎస్ఎస్‌డీ ఐదొందల దాకా చదువుతుంది. పైగా ఈ మిషన్ చచ్చినా ఎస్ఎస్‌డీ మనదే, ఇంకో దాంట్లో పెట్టుకోవచ్చు. సన్నటి ఎం.2 రకం కొనేముందు మాత్రం మీ స్లాట్ సాటాదా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకందా అని మోడల్ నంబరుతో చూసుకోండి. రెండూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి పని చేయదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి, కాబట్టి స్నేహితుడు అంతకు ముందు కొన్న ధర పట్టుకుని లెక్క వేయొద్దు.

ఇంకో సంగతి ఈ లెక్కని మార్చేసింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. అంటే 2017కి ముందు ల్యాప్‌టాప్‌ని ఎంత అందంగా బాగుచేయించినా బ్యాంకు పనులకి నేను సలహా ఇవ్వను, లైనక్స్ వేసుకుంటే తప్ప. అమ్మానాన్నలకి ఊళ్ళో వీడియో కాల్, యూట్యూబ్, వార్తలు చాలనుకుంటే మింట్ వేసి పంపండి, హాయిగా సరిపోతుంది. ఆఫీసు వీపీఎన్, ట్యాలీ, ఫోటోషాప్ కావాలంటే ఆ దారి మూసుకున్నట్టే.

కొనాల్సి వస్తే అదే ధరలో కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే ఆఫీసుల నుంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ బిజినెస్ మోడల్‌కే నా ఓటు. ఈ ఊరి నిండా ఐటీ ఆఫీసులే కాబట్టి అలాంటివి ఇక్కడ బాగా తిరుగుతాయి. థింక్‌ప్యాడ్ టీ480, ల్యాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటి వాటిలో ఎనిమిదో తరం ప్రాసెసర్ చూసి తీసుకోండి. డబ్బు ఇచ్చే ముందు అక్కడే బయాస్‌లోకి వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగితే వదిలేసి వచ్చేయండి, పాత కంపెనీ తాళం ఇంకా దాని మీదే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ టూల్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీసి, మొదట ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది చూడండి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖరీదు బేరంలో తగ్గించమనండి. మూత నాలుగుసార్లు తెరిచి మూసి కీలు వదులుందేమో చూడండి.

మా తమ్ముడు చివరికి ఒక స్టిక్‌తోనే నడుపుకుంటానన్నాడు. అది ఆరో తరం, విండోస్ 11 రాదు. అందుకని ఎస్ఎస్‌డీ కొనడం మాన్పించి, పాత డిస్క్‌లోని ఫైళ్ళన్నీ నా డ్రైవ్‌లోకి కాపీ పెట్టాం. భోజనాలయ్యేసరికి అయిపోయింది. జీతం రాగానే టీ480 చూస్తాడట, ఇది అనంతపురంలో పిన్నికి వెళ్తుంది, మింట్‌తో.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "అన్నా, ఆ షాపుకి మళ్ళీ వెళ్ళాలి."

"ఎందుకురా?"

"నా చార్జర్ ఆయన టేబుల్ మీదే ఉండిపోయింది."